పదవి కాదు, ఫైనాన్స్ కమిటీలో సీటు అడుగు: అమెరికా చిన్న కాలేజీలో సెనేట్, క్లబ్బుల సంగతి

నీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. పదహారు వందల మంది చదివే ఒక ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో (ఒక్క సబ్జెక్టుకే పరిమితం కాకుండా రకరకాల సబ్జెక్టులు చదివించే కాలేజీ) ఎఫ్-1 వీసా, అంటే విద్యార్థి వీసా మీద ఈ ఆగస్టులో చేరావు. విద్యార్థులు ఎన్నుకునే సెనేట్‌కి ఫస్టియర్ సెనేటర్‌గా నిలబడమని సీనియర్లు వెంటపడుతున్నారు. ఇంకోపక్క ఒక సోషల్ క్లబ్ (పిలిచినవాళ్లే చేరే స్నేహబృందం) వాళ్లు తమలో చేరమంటున్నారు. నాన్నగారేమో "అంత దూరం పంపింది చదువుకోమని, రాజకీయాలు చెయ్యమని కాదు" అన్నారు. వీటివల్ల చదువు దెబ్బతింటుందా, వీసాకి ఇబ్బందా, అసలు ఒరిగేదేమైనా ఉందా అని అడిగావు.

నేను అలాంటి కాలేజీలోనే చదివాను. తర్వాత చాలా ఏళ్లు ఇంకో చిన్న కాలేజీలో విద్యార్థుల కార్యక్రమాలు చూసే ఆఫీసులో పనిచేశాను. ఎన్నికలు, క్లబ్ బడ్జెట్లు, వాటి మీద వచ్చే పంచాయితీలు అన్నీ మా ఆఫీసుకే వచ్చేవి. నా జవాబు ముందే చెప్పేస్తాను. సెనేట్‌కి వెళ్లు, కానీ పదవి కోసం కాదు, డబ్బు పంచే కమిటీలో కూర్చోడానికి వెళ్లు. ఒకే ఒక్క క్లబ్బు ఎంచుకుని అందులో నిజంగా పనిచెయ్. సోషల్ క్లబ్ విషయంలో మాత్రం మొదటి సెమిస్టర్‌లో ఎవరికీ మాటివ్వకు.

ముందు నాన్నగారి మాట. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కాలేజీ ఎన్నికలు 1980ల చివర్లోనే ఆగిపోయాయి. ఆ తరానికి స్టూడెంట్ యూనియన్ అంటే పార్టీల జెండాలు, గోడ రాతలు, కొట్లాటలు, పోలీసు కేసులే గుర్తు. విద్యార్థి ఎన్నికల మీద వేసిన లింగ్డో కమిటీ సిఫారసులని అమలు చెయ్యమని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఆ పోకడకి కళ్లెం వెయ్యడానికే. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, అచ్చేసిన పోస్టర్లు కూడదు, హాజరు 75 శాతం ఉండాలి అని నియమాలు పెట్టారు. నువ్వున్న చోట సెనేట్‌కి ఏ పార్టీతోనూ సంబంధం ఉండదు. ప్రచారమంటే డైనింగ్ హాల్ దగ్గర నాలుగు కాగితాలు అంటించడం, హాస్టల్లో తలుపు తట్టి పేరు చెప్పుకోవడం. ఓటు ఫోన్లోనే పడుతుంది. డెమోక్రాట్ల క్లబ్బు, రిపబ్లికన్ల క్లబ్బు ఉంటే ఉంటాయి, అవి వేరు. పైగా నీ కాలేజీ పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థ అయ్యుంటుంది కాబట్టి, ఎన్నికల్లో ఏ అభ్యర్థినీ బలపరచడానికి చట్టం ఒప్పుకోదు. క్లబ్బులకిచ్చే కాలేజీ డబ్బు ఎవరి ఎన్నికల ఖర్చుకీ వెళ్లకూడదు. ఇంతవరకు నాన్నగారికి చెబితే ఆయన సగం కుదుటపడతారు.

చిన్న కాలేజీ గురించి ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. అక్కడ పదవులు చాలా సులువుగా దొరుకుతాయి. ఇరవై సీట్ల సెనేట్‌లో సగం సీట్లకి పోటీయే ఉండదు. ఒక్కొక్కరు మూడు క్లబ్బుల్లో ఆఫీసర్లు. గాయక బృందంలో పాడే అబ్బాయే పత్రికకి ఎడిటర్, వాడే ఫుట్‌బాల్ క్లబ్బు ట్రెజరర్. అందుకే రెజ్యూమేలో ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్ అని రాసుకున్నంత మాత్రాన ఎవరూ కళ్లు పెద్దవి చెయ్యరు. ఇంటర్వ్యూలో వచ్చే రెండో ప్రశ్న "ఏం చేశావు?" అన్నది. దానికి జవాబు ఉండాలి.

ఆ జవాబు దొరికే చోటు డబ్బు దగ్గర. అక్కడ ప్రతి విద్యార్థీ ట్యూషన్‌తో పాటు యాక్టివిటీ ఫీజు కడతాడు. ఉదాహరణకి ఏడాదికి తలా 300 డాలర్లు అనుకో. పదహారు వందల మంది అంటే 4,80,000 డాలర్లు. చాలా కాలేజీల్లో ఈ డబ్బులో పెద్ద వాటాని ఏ క్లబ్బుకి ఎంతివ్వాలో తేల్చేది స్టూడెంట్ గవర్నమెంట్ (సెనేట్ ఉండేది ఇందులోనే) ఫైనాన్స్ కమిటీయే. పంతొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్లలు ఐదారుగురు కూర్చుని ఇంత డబ్బు పంచే అవకాశం ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పు? పెద్ద యూనివర్సిటీలో ఆ కుర్చీ దాకా వెళ్లడానికి రెండు మూడేళ్లు పడుతుంది. నీ కాలేజీలో మొదటి ఏడాదే దొరకొచ్చు. చిన్న కాలేజీలో చేరినందుకు నీకున్న అసలు లాభం ఇదే అని నా నమ్మకం.

బడ్జెట్ విచారణ ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చూపిస్తాను. మా ఆఫీసు పక్క గదిలోనే జరిగేవి, నేను వెనక కూర్చుని వినేదాన్ని. ఏప్రిల్‌లో ఒక శనివారం. గోడ మీద ప్రొజెక్టర్లో ఎక్సెల్ షీటు. బల్లకి ఒకవైపు కమిటీ, ఎదురుగా క్లబ్బు నుంచి వచ్చిన ఇద్దరు. దక్షిణాసియా విద్యార్థుల క్లబ్బు దీపావళి రాత్రికి 2,400 డాలర్లు అడిగింది. భోజనాలకి 1,500, అలంకరణకి 500, పాటలు వేసేవాళ్లకి 400. చైర్ అమ్మాయి అడిగింది: "పోయినేడు ఎంతమంది వచ్చారు?" "చాలామందే వచ్చారు." "అంటే ఎంత?" ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. వచ్చినవాళ్ల పేర్లు రాసుకున్న షీటు లేదు. "బయటి నుంచి భోజనం తెప్పించడానికి డైనింగ్ సర్వీసు ఒప్పుకుందా?" అడగలేదు. "పోయినేడు ఇచ్చిన దాంట్లో 600 మిగిలిపోయి వెనక్కి వచ్చింది కదా, ఈసారి ఎక్కువ ఎందుకు కావాలి?" ఆ మాట ఈ ఏడాది ఆఫీసర్లకి అసలు తెలీదు. చివరికి 1,100 ఇచ్చారు. వాళ్లు బయటికొచ్చి ఇది వివక్ష అన్నారు.

వాళ్ల తర్వాత వచ్చింది పక్షులు చూసే క్లబ్బు. తొమ్మిది మంది సభ్యులు. వ్యాన్ పెట్రోలుకి, ఒక జత బైనాక్యులర్స్ బాగు చేయించడానికి కలిపి 180 డాలర్లు అడిగారు. ఏ తేదీన ఎక్కడికి వెళ్లారో, ఎవరెవరు వచ్చారో, రసీదులు ఏవో ఒకే కాగితం మీద పెట్టుకొచ్చారు. ఐదు నిమిషాల్లో అడిగినంతా ఇచ్చేశారు. ఆ రోజు రెండు జట్ల మధ్య తేడా రంగులో లేదు, దేశంలో లేదు. ఒకళ్ల దగ్గర లెక్క ఉంది, ఇంకొకళ్ల దగ్గర లేదు. మన పిల్లల కష్టం నాకు కళ్లారా తెలుసు, రాత్రంతా నిద్ర మానుకుని ముగ్గులు వేసి, దీపాలు పెట్టినవాళ్లు. వాళ్లకి ఆ బల్లకి అవతలి వైపు ఏం అడుగుతారో ముందే చెప్పేవాళ్లు ఒక్కరుంటే పూర్తి డబ్బు వచ్చేది. ఆ ఒక్కరివి నువ్వు అవ్వాలని నా కోరిక.

కమిటీలో కూర్చుంటే ఇంకో కష్టమైన పని నేర్చుకుంటావు. స్నేహితురాలి క్లబ్బుకి లేదు అని చెప్పడం. నువ్వున్న క్లబ్బు బడ్జెట్ వచ్చినప్పుడు గది బయటికి వెళ్లిపో, ఓటు వెయ్యకు, ఆ మాట మినిట్స్‌లో, అంటే మీటింగ్ రికార్డులో రాయించు. చిన్న కాలేజీలో అందరికీ అందరూ తెలుసు. ఒక్కసారి నీ మీద పక్షపాతం అన్న మాట పడిందంటే నాలుగేళ్లూ అది నీతోనే ఉంటుంది.

మీటింగ్ పద్ధతి చూసి టెన్షన్ పడేవాళ్లు చాలామంది. "మోషన్", "సెకండ్", "పాయింట్ ఆఫ్ ఆర్డర్" అని వాళ్లు గబగబా మాట్లాడుతుంటే మనకి ఏమీ పాలుపోదు. ఇదంతా హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనే అమెరికా సైన్యపు ఇంజినీరు 1876లో అచ్చు వేయించిన సభా నియమాల నుంచి వచ్చింది. ఒక్క సాయంత్రం కూర్చుంటే కావలసినంత పట్టుబడుతుంది. ఒకరు ప్రతిపాదిస్తారు, ఇంకొకరు బలపరుస్తారు, చర్చ, ఓటు. కోరం, అంటే హాజరు కావలసిన కనీస సభ్యుల సంఖ్య, లేకపోతే ఏ నిర్ణయమూ చెల్లదు. చర్చ ఆపి వెంటనే ఓటుకి పెట్టాలంటే మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. వీటిల్లో నీలాంటివాళ్లకి బాగా పనికొచ్చే నియమం ఒకటుంది. ఒక విషయం మీద ఇంకా మాట్లాడని వ్యక్తి మాట్లాడతానంటే, అప్పటికే మాట్లాడినవాళ్లకి రెండోసారి అవకాశం ఇవ్వకూడదు. గొంతు పెద్దదైనవాళ్లే గెలిచే చోట, ఇంగ్లీషు యాస గురించి వెనకాడే పిల్లకి ఈ నియమం పెద్ద అండ. చెయ్యెత్తి చైర్ వైపు చూడు, నీ వంతు నీకు ఇవ్వాల్సిందే.

మోషన్ రాయడం కూడా నేర్చుకో. "లైబ్రరీ వేళలు పెంచాలి" అని రాస్తే అందరూ చప్పట్లు కొట్టి ఓటేస్తారు, ఏమీ జరగదు. "పరీక్షలు జరిగే రెండు వారాలు లైబ్రరీని రాత్రి 2 గంటల దాకా తెరవాలని డైరెక్టర్‌ని కోరుతున్నాం. ఆ అదనపు గంటల్లో పనిచేసే విద్యార్థుల జీతానికి సెనేట్ నిధుల నుంచి 900 డాలర్లు కేటాయిస్తున్నాం. ఎంతమంది వాడుకున్నారో లెక్క జనవరి మొదటి మీటింగ్‌లో పెట్టాలి" అని రాస్తే పని అవుతుంది. ఎవర్ని అడుగుతున్నాం, ఎవరు డబ్బు పెడతారు, ఎప్పటికల్లా, ఎలా తెలుస్తుంది. ఈ నాలుగూ లేని తీర్మానం ఫైల్లోనే ఉండిపోతుంది. ఇంకో చిట్కా: మోషన్ పెట్టడానికి వారం ముందే ఆ డైరెక్టర్ గదికి వెళ్లి మాట్లాడు. ఆయనకి మీటింగ్‌లో తొలిసారి తెలిస్తే ముడుచుకుపోతారు. ముందే చెబితే చాలాసార్లు ఆయనే దారి చూపిస్తారు.

సెనేట్‌కి నిజంగా ఎంత అధికారం ఉందన్నది కాలేజీని బట్టి మారుతుంది. ఆఖరి మాట ట్రస్టీల బోర్డుది, చదువుకి సంబంధించినంతవరకు అధ్యాపకులది. కాలేజీ విధానాలు తయారు చెయ్యడంలో విద్యార్థులకి స్పష్టమైన పాత్ర ఉండాలని అక్కడి ప్రొఫెసర్ల సంఘమూ, మరికొన్ని సంస్థలూ కలిసి 1967లోనే ఉమ్మడి ప్రకటన చేశాయి. అది చట్టం కాదు, కానీ చాలా కాలేజీల్లో విద్యార్థులకి కమిటీల్లో సీట్లు ఉండటం వెనక ఆ ఆలోచన ఉంది. కొన్నిచోట్ల ఇది చాలా దూరం వెళ్లింది. పెన్సిల్వేనియాలోని హేవర్‌ఫర్డ్ కాలేజీలో హానర్ కోడ్ (నిజాయితీ, ప్రవర్తన గురించిన నియమావళి) విద్యార్థుల చేతుల్లోనే ఉంటుంది. ప్లీనరీ అని అందరూ ఒకచోట కూడి, దాని మీద వాదించుకుని, మళ్లీ ఆమోదిస్తారు. అయోవాలోని గ్రినెల్ కాలేజీ స్వపరిపాలన అన్న మాటని తన గుర్తింపుగానే చెప్పుకుంటుంది. నీ కాలేజీలో ఎలా ఉందో తెలుసుకోవాలంటే సెనేట్ గత రెండేళ్ల మినిట్స్ చదువు. అవి అడిగితే సాధారణంగా ఇస్తారు. మినిట్స్‌లో పిజ్జా గురించి, టీషర్టుల గురించే ఉంటే ఒక రకం సెనేట్. కొత్త డీన్ ఎంపిక, కౌన్సెలింగ్ సెంటర్ వేళలు, హాస్టల్ ఫీజులు కనిపిస్తే ఇంకో రకం.

ఒక తేడా గుర్తుపెట్టుకో. ప్రభుత్వ కాలేజీలో అయితే భావప్రకటన స్వేచ్ఛ గురించిన రాజ్యాంగ నియమాలు కాలేజీకి నేరుగా వర్తిస్తాయి. కనెక్టికట్‌లోని ఒక ప్రభుత్వ కాలేజీ ఒక విద్యార్థి సంఘానికి గుర్తింపు ఇవ్వకపోతే, దాని భావాలు నచ్చలేదన్న కారణం చాలదని 1972లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. యాక్టివిటీ ఫీజు పంచేటప్పుడు ఏ అభిప్రాయం వైపూ మొగ్గకూడదని 2000లో విస్కాన్సిన్ యూనివర్సిటీ కేసులో తేల్చింది. నీది ప్రైవేటు కాలేజీ. నీకు స్టూడెంట్ హ్యాండ్‌బుక్కే ఆధారం. అందులో ఏం రాసుందో అదే నీ హక్కు. ఎవరూ చదవరు, నువ్వు చదువు.

ఇక సోషల్ క్లబ్బులు. వీటి చరిత్ర పాతది. 1776లో విలియం అండ్ మేరీ కాలేజీలో మొదలైన ఫై బీటా కప్పా మొదట్లో రహస్య సంఘం, ఇప్పుడు బాగా చదివేవాళ్లని గౌరవించే సంస్థ. 1825లో న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో కప్పా ఆల్ఫా సొసైటీ మొదలయ్యాక ఫ్రెటర్నిటీల (ఎంచుకున్న సభ్యులే చేరే, సొంత ఇళ్లుండే విద్యార్థి సంఘాలు) పద్ధతి చాలా చోట్లకి పాకింది. చిన్న కాలేజీల్లో ఇది పెద్ద చిక్కు తెచ్చింది. ఊళ్లో వేరే కాలక్షేపం ఉండదు, పార్టీలన్నీ వాళ్ల ఇళ్లలోనే, కాబట్టి వాళ్లు పిలవని పిల్లలకి శనివారం రాత్రి గది గోడలే దిక్కు. అందుకే విలియమ్స్ కాలేజీ 1960ల్లో వాటిని తీసేసే దారి పట్టింది. కోల్బీ 1984లో ఎత్తేసింది. బౌడన్ 1997లో నిర్ణయం తీసుకుని మెల్లగా ఆపేసింది. ఆమ్‌హర్స్ట్ 2014లో క్యాంపస్ బయట చేరడాన్ని కూడా నిషేధించింది. ఇంకొన్ని కాలేజీలు జాతీయ ఫ్రెటర్నిటీలని రానివ్వకుండా తమ సొంత క్లబ్బులే నడుపుకుంటాయి. ఆర్కన్సాలోని హార్డింగ్ యూనివర్సిటీలో వాటి పేరే సోషల్ క్లబ్బులు.

నిన్ను పిలిచిన క్లబ్బు మంచిదా చెడ్డదా నేనిక్కడ కూర్చుని చెప్పలేను. కొన్నిటిలో జీవితాంతం నిలిచే స్నేహాలు దొరుకుతాయి, అది నేను చూశాను. కానీ కొత్త ఊళ్లో, ఒంటరిగా అనిపించే మొదటి ఆరు వారాల్లో, ఎవరు ఆప్యాయంగా పిలిచినా వెళ్లాలనిపిస్తుంది. వాళ్లు పిలిచేది కూడా సరిగ్గా అప్పుడే. అందుకే ఆగమంటున్నాను. చేరే ముందు సూటిగా అడుగు: ఏడాదికి మొత్తం ఎంత కట్టాలి? కొత్త సభ్యులు ఎన్ని వారాలు ఏం చెయ్యాలి, వారానికి ఎన్ని గంటలు? మధ్యలో వద్దనుకుంటే వెళ్లిపోవచ్చా? "అది రహస్యం, చేరాక తెలుస్తుంది" అన్నది జవాబైతే అదే నీకు కావలసిన జవాబు. దణ్ణం పెట్టి వచ్చెయ్.

ర్యాగింగ్ మనకి తెలిసిందే, అక్కడ హేజింగ్ అంటారు. నిద్ర పోనివ్వకపోవడం, బలవంతంగా తాగించడం, అవమానపరచడం ఏదైనా అందులోకే వస్తుంది, నువ్వు ఒప్పుకున్నా సరే. చాలా రాష్ట్రాల్లో అది నేరం. 2024 డిసెంబర్‌లో స్టాప్ క్యాంపస్ హేజింగ్ యాక్ట్ అని జాతీయ చట్టం కూడా వచ్చింది. హేజింగ్ చేసినట్టు తేలిన విద్యార్థి సంఘాల పేర్లతో కాలేజీ ఒక నివేదిక తన వెబ్‌సైట్లో అందరికీ కనిపించేలా పెట్టాలి. నిన్ను పిలిచిన క్లబ్బు పేరు అందులో ఉందేమో చూడు. ఇక మద్యం. అక్కడ 21 ఏళ్లు నిండాలి, నీకు పద్దెనిమిది. నీ తోటి అమెరికన్ పిల్లకి జరిమానాతో పోయే వ్యవహారం నీకు వీసా దాకా వెళ్లొచ్చు, ముఖ్యంగా తాగి బండి నడుపుతూ దొరికితే. అయితే ఒక్క మాట. ఎవరైనా తాగి స్పృహ తప్పి పడిపోతే భయపడి తలుపు వేసుకోకు. అక్కడి అత్యవసర నంబర్ 911కి ఫోన్ చెయ్. సాయానికి ఫోన్ చేసినవాళ్లని శిక్షించకూడదన్న నియమం చాలా రాష్ట్రాల్లో, కాలేజీల్లో ఉంది. లేకపోయినా చెయ్యాలి.

తెలుగు క్లబ్బు పెడదామా అని కూడా అడిగావు. కాలేజీలో తెలుగువాళ్లు నలుగురు, అందులో ఇద్దరు ఆఖరి సంవత్సరం. పెట్టకు, అమ్మా. దక్షిణాసియా క్లబ్బులో చేరి, ఉగాదినీ బతుకమ్మనీ వాళ్ల క్యాలెండర్లోకి తీసుకురా. కొత్త క్లబ్బుకి నియమావళి రాయాలి, అధ్యాపకుల్లోనో సిబ్బందిలోనో ఒకర్ని సలహాదారుగా ఒప్పించాలి, కనీస సభ్యులుండాలి, ఆపైన ఏటా గుర్తింపు పొడిగించుకోవాలి. ఇంత కష్టపడి కట్టింది రెండేళ్లలో మూతపడితే నీకే బాధ. జనం ఉన్న క్లబ్బులో మన పండగ జరిగితే దానికి బడ్జెట్ లైను పడుతుంది. ఒకసారి పడ్డ లైను నువ్వు వెళ్లిపోయాక కూడా ఉంటుంది.

క్లబ్బులో పనిచేసేటప్పుడు మన పిల్లలు ఎక్కువగా ఇరుక్కునే చోట్లు కొన్ని చెబుతాను. ఏ కాంట్రాక్టు మీదా నువ్వు సంతకం పెట్టకు. హాలుకైనా, డ్యాన్స్ మాస్టారికైనా, సంతకం పెట్టే అధికారం కాలేజీ సిబ్బందిలో ఒకరిద్దరికే ఉంటుంది. నువ్వు పెడితే ఆ బాకీ నీ మెడకే చుట్టుకోవచ్చు. సినిమా వేస్తున్నారంటే, ఓటీటీ చందా ఉంది కదా అని హాల్లో పెట్టెయ్యకూడదు. అందరికీ చూపించడానికి వేరే లైసెన్సు కొనాలి, క్లాసులో పాఠంగా చూపించడం వేరు. ఆ ఖర్చు బడ్జెట్‌లో ముందే పెట్టు. సామాన్లు కొనేటప్పుడు కాలేజీకి సేల్స్ ట్యాక్స్ మినహాయింపు ఉందేమో కనుక్కుని ఆ కాగితం పట్టుకెళ్లు, చాలా చోట్ల నువ్వు కట్టిన పన్ను తిరిగివ్వరు. రసీదులో ఏ వస్తువుకెంతో విడివిడిగా ఉండాలి, మొత్తం మాత్రమే ఉన్న స్లిప్పు చెల్లదు. క్లబ్బు డబ్బు నీ సొంత ఖాతాలో, నీ ఫోన్ యాప్‌లో ఒక్క రోజు కూడా ఉంచుకోకు.

వీటన్నిటికంటే నేను ఎక్కువ బాధపడింది వేరే దాని గురించి. బాగా నడుస్తున్న క్లబ్బులు మే నెలలో చనిపోతాయి. ఆఫీసర్లు అందరూ ఒకే బ్యాచ్, ఒకేసారి గ్రాడ్యుయేట్ అవుతారు. క్లబ్బు ఫైళ్లన్నీ ఒక అబ్బాయి సొంత గూగుల్ డ్రైవ్‌లో ఉంటాయి. కాలేజీ మెయిల్ మూసేశాక అవీ పోతాయి. ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డు ఉన్న అమ్మాయి ఉద్యోగంలో చేరి ఫోన్ నంబర్ మార్చేసింది. సెప్టెంబర్లో కొత్త పిల్లలు మొదటి నుంచి మొదలుపెడతారు, ఏప్రిల్‌లో బల్లకి ఎదురుగా కూర్చుని "చాలామందే వచ్చారు" అంటారు. నేను చెప్పిన ఆ 600 డాలర్ల సంగతి కొత్తవాళ్లకి తెలియకపోవడానికి కారణం ఇదే.

నీ క్లబ్బులో ఈ ఒక్కటి బాగు చేస్తే చాలు, పదవి లేకపోయినా. ఎన్నికలు మార్చిలోనే పెట్టించు, కొత్తవాళ్లు రెండు నెలలు పాతవాళ్ల పక్కన కూర్చుని పని చూడాలి. ఆఫీసర్లలో కనీసం ఒకరు సెకండియర్ అయ్యుండాలి. క్లబ్బు పేరు మీద ఒక మెయిల్ తీసుకుని ఫైళ్లన్నీ అందులో పెట్టండి. ప్రతి కార్యక్రమం అయిన మర్నాడే ఒక పేజీ రాయండి: తేదీ, హాలు, ఎంతమంది వచ్చారు, అడిగిందెంత, అయిందెంత, ఎవరితో మాట్లాడాం, ఏది చెడింది. మర్నాడే రాయాలి. వారం దాటితే ఎవరూ రాయరు.

వీసా సంగతి. సెనేటర్‌గా ఉండటం, క్లబ్బులో పనిచెయ్యడం విద్యార్థి జీవితంలో భాగమే, వాటికి అనుమతి అక్కర్లేదు. కానీ కొన్ని కాలేజీల్లో ప్రెసిడెంట్‌కో, ట్రెజరర్‌కో సెమిస్టర్‌కి ఇంత అని స్టైపెండ్ ఇస్తారు. డబ్బు వస్తుందంటే అది క్యాంపస్ ఉద్యోగం కింద లెక్కకి రావొచ్చు. ఎఫ్-1 వీసా మీద తరగతులు జరుగుతున్నన్నాళ్లూ వారానికి 20 గంటల పరిమితి ఉంది. లైబ్రరీలో ఇప్పటికే పనిచేస్తుంటే రెండూ కలుపుకోవాల్సి రావొచ్చు. చెక్కు తీసుకోకముందే అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో నీ ఐ-20 (విద్యార్థి వీసాకి ఆధారమైన కాలేజీ పత్రం) చూసే అధికారికి మెయిల్ రాసి, జవాబు కూడా మెయిల్లోనే తీసుకో. సీనియర్లు "ఏం కాదులే" అన్నది వినకు, వాళ్లలో చాలామంది వీసా మీద లేరు.

చదువు దెబ్బతింటుందా అంటే, ఒక కమిటీ, ఒక క్లబ్బు దగ్గర ఆగితే తినదు. వారానికి ఒక సాయంత్రం మీటింగు, ఇంకో రెండు మూడు గంటల పని. బడ్జెట్ వారాల్లో మాత్రం ఎక్కువవుతుంది, అది ఫైనల్స్‌కి ముందే వస్తుంది కాబట్టి ఆ నెల ఇంకేమీ పెట్టుకోకు. నాలుగో క్లబ్బులో చేరిన పిల్లల గ్రేడ్లు పడిపోవడం నేను చాలాసార్లు చూశాను. చిన్న కాలేజీలో ఎవరూ నిన్ను వదలరు, నువ్వే కాదనాలి. ఆఫీసర్‌గా కొనసాగడానికి కనీస జీపీఏ కూడా ఉంటుంది, అదెంతో నాన్నగారికి చెప్పు. ఆయనకి బాగా నచ్చే నియమం అదే అవుతుంది.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. ఫస్టియర్ ఎన్నికలు సాధారణంగా సెప్టెంబర్లోనే ఉంటాయి. నామినేషన్‌కి కొన్ని సంతకాలు అడుగుతారు. వాటిని నీ ఫ్లోర్లోనే కాక, వేరే హాస్టళ్లకి కూడా వెళ్లి తీసుకో, ఆ పది నిమిషాల మాటల్లోనే వాళ్లకి ఏం కావాలో తెలుస్తుంది. గెలిస్తే కమిటీ ఎంచుకోమని అడిగినప్పుడు ఫైనాన్స్ అని చెప్పు. ఈవెంట్స్ కమిటీ కోసం అందరూ ఎగబడతారు, ఇక్కడ ఖాళీ ఉంటుంది. ఓడిపోతే కూడా ఏమీ పోలేదు. చాలా సెనేట్‌లలో కమిటీల్లోకి ఎన్నిక కానివాళ్లని కూడా నియమిస్తారు, సెమిస్టర్ మధ్యలో సీట్లు ఖాళీ అవుతూనే ఉంటాయి. ఫలితాలు వచ్చిన రోజే ట్రెజరర్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టు: "ఫైనాన్స్ కమిటీలో పనిచెయ్యాలని ఉంది. ఖాళీ లేకపోతే మీ తర్వాతి మీటింగ్‌కి వచ్చి కూర్చోవచ్చా? ఎప్పుడు, ఎక్కడ?"